చిట్టీ, ఆ కారు సంగతి

చిట్టీ,

మీ అమ్మ నిన్న ఫోన్లో రెండు ముక్కలు చెప్పింది. నువ్వు ఫిన్లాండ్‌లో, ఆ ఔలులో పాత డీజిల్ కారు కొన్నావని ఒకటి. సంక్రాంతికి స్నేహితురాళ్లిద్దరినీ ఎక్కించుకుని రొవానియెమి దాకా నువ్వే నడుపుతావని రెండోది. మొదటి మాటకి పొంగిపోయాను, పక్కింటాయనకి కూడా చెప్పాను. రెండో మాటకి రాత్రంతా నిద్ర లేదు. స్కూటీ నేర్చుకుంటూ మా వీధి చివర పంటకాలవలో దిగబడ్డ పిల్లవి, నడి జనవరిలో రెండొందల కిలోమీటర్ల పైచిలుకు మంచులో పోతానంటే నిద్రెలా పడుతుంది?

కారులో వెబాస్టో, అదే డీజిల్‌తో వెలిగే హీటరు, ఉందని అమ్మినాయన చెప్పాడటగా. ముందు అది ఏ రకమో చూసుకో. అక్కడ అందరూ వెబాస్టో అనేస్తారు, మనం వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు. నిజానికి అదొక జర్మన్ కంపెనీ. విల్‌హెల్మ్ బాయర్ అనే ఆయన పేరులోంచి, ష్టాక్‌డార్ఫ్ అనే ఊరి పేరులోంచి తలా ఒక ముక్క తీసి అతికించిన పేరు. ఎబర్‌ష్పెకర్ అనే ఇంకో కంపెనీదైనా పని అదే. అసలు సంగతేమిటంటే, పాత డీజిల్ కార్లు చాలావాటిలో కంపెనీవాళ్లే పెట్టిన హీటరు ఇంజన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే వెలుగుతుంది. డీజిల్ ఇంజన్ త్వరగా వేడెక్కదు కాబట్టి దానికి తోడన్నమాట. ఆగి ఉన్న కారును పొద్దున్నే వేడి చేసేది వేరు. దానికి టైమరో రిమోటో ఉంటుంది. నీ దానికి అవేవీ లేకపోతే గాభరా పడకు, అదే హీటరుకి అదనంగా బిగించే వీలు చాలా కార్లకి ఉంది. మెకానిక్‌ని అడుగు.

అది పనిచేసే తీరు తెలుసుకోవాలంటే మీ అమ్మమ్మ పెరట్లోని రాగి బాయిలర్ గుర్తు తెచ్చుకో. మధ్యలో గొట్టం, అందులో బొగ్గులు, చుట్టూ నీళ్లు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆవిడ విసనకర్రతో విసురుతుంటే నేనూ మీ అమ్మా వంతులేసుకుని దాని పక్కన చేతులు కాచుకునేవాళ్లం. ఇదీ అంతే. బొగ్గుల బదులు డీజిల్, విసనకర్ర బదులు చిన్న ఫ్యాను. ట్యాంకులోంచి ఒక బుల్లి పంపు డీజిల్‌ని కొంచెం కొంచెంగా తోస్తుంది. కారు పక్కన నిలబడితే టక్, టక్, టక్ అని వినిపించేది అదే. గ్లో ప్లగ్ ఎర్రగా కాలి డీజిల్‌ని అంటిస్తుంది. ఆ మంట చుట్టూ తిరిగేది ఇంజన్‌లో ఉండే కూలెంటే, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. ఇంకో చిన్న పంపు ఆ వేడి కూలెంట్‌ని ఇంజన్‌లోకీ, డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటరులోకీ తిప్పుతుంది. కాస్త వేడెక్కాక కారు బ్లోయర్ దానంతటదే మొదలై అద్దం మీదికి వెచ్చటి గాలి కొడుతుంది. ఇదంతా ఇంజన్ ఆగి ఉండగా, తాళం నీ జేబులో ఉండగా. పూర్తి మంట మీద 5 కిలోవాట్ల దాకా వేడి, గంటకి సుమారు అర లీటరు డీజిల్. ఇంజన్‌నే తిప్పి వేడి చేద్దామనుకోకు. నేను అక్కడున్నప్పుడు ఆగిన కారు ఇంజన్ 2 నిమిషాలకి మించి తిప్పకూడదనేది రూలు, మైనస్ 15 కంటే కిందికి దిగితే 4 నిమిషాలు.

రాత్రి దిగేముందు హీటరు నాబ్‌ని పూర్తి వేడి మీద, గాలిని అద్దం వైపు, ఫ్యాన్‌ని ఒకటి మీద పెట్టి దిగు. ఫ్యాన్ ఎక్కువ పెడితే బ్యాటరీ తింటుంది. అరగంట హీటరు వాడితే అరగంటైనా కారు నడపాలి, లేకపోతే నాలుగో రోజు పొద్దున్న బ్యాటరీ చచ్చి కూర్చుంటుంది. మీ ఆఫీసు ఇంటికి 3 కిలోమీటర్లే కదా, అందుకే చెప్తున్నాను. పార్కింగ్‌లో కరెంటు స్తంభం ఉంటే, ఇంజన్‌కి ప్లగ్గుతో పెట్టే హీటరు కూడా ఉంటే, రోజూ అదే వాడుకో. కారు తీసేటప్పుడు వైరును స్తంభానికి వేలాడనిచ్చి పోకు, అది నేరం. బంకులోకి వెళ్లేముందు హీటరు ఆపు. ట్యాంకు రిజర్వులో ఉంటే హీటరు వెలగకపోవచ్చు, సగం కంటే తగ్గనివ్వకు. ఎండాకాలంలోనూ నెలకోసారి పది నిమిషాలు వెలిగించు, లేదంటే శీతాకాలానికి మొరాయిస్తుంది.

ఇక అసలు చెప్పాల్సింది. 2004 జనవరి. ఔలు పక్కనే కెంపెలేలో ఒక మిత్రుడి ఇంటికి భోజనానికి వెళ్లాం నేనూ మీ అత్తయ్యా. రాత్రికి మంచు బాగా పడింది, మైనస్ 28. ఉండిపొమ్మన్నారు, ఉండిపోయాం. కారు బయటెందుకని వాళ్ల గ్యారేజీలో పెట్టించాడు. నేను ఇంజన్ ఆపి, అలవాటు చొప్పున టైమర్ బటన్ నొక్కి దిగాను. రోజూ చేసే పనే కదా, చేయి దానంతటదే పోయింది. మర్నాడు ఆరున్నరకి వెలగాలి అని. బయట ఉండే కారుకి అది సరే. నాలుగు గోడల మధ్య, తలుపేసిన గ్యారేజీలో, ఇంటి గోడకి ఆనుకుని ఉన్న కారుకి? నాకు ఆ ఆలోచనే రాలేదు చిట్టీ. ఇంజనీరునని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి.

గ్యారేజీ పక్కగదిలో మిత్రుడి భార్యా, మూడు నెలల పసివాడూ. పురుడు పోయడానికి తునినుంచి వచ్చిన వాళ్లమ్మగారు అందరికంటే ముందు లేచేవారు. వాళ్లకి గ్యారేజీయే కొట్టుగది, బియ్యం కోసం తలుపు తీశారట. వచ్చి నన్ను తట్టి లేపి అడిగారు: “మీ కారు కింద కిరసనాయిలు స్టవ్వు వెలిగించారా బాబూ?”

ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. లుంగీ మీదే పరుగెత్తాను. కారు కింద తెల్లటి పొగ, ఆ టక్ టక్ చప్పుడు. ఆఫ్ నొక్కాను. ఆగలేదు! ఆఫ్ చేసినా లోపల చల్లబడే దాకా రెండు మూడు నిమిషాలు ఫ్యాను తిరుగుతుందని తెలిసినా, ఆ క్షణంలో బుర్ర పనిచేయలేదు. గ్యారేజీ తలుపు పైకెత్తి, చెప్పుల్లేకుండా మంచులోకి దిగి కారును నేనొక్కణ్ణే తొయ్యబోయాను. మీ అత్తయ్య పసివాణ్ణి దుప్పట్లో చుట్టి అవతలి గదిలోకి తీసుకుపోయింది. ఇంట్లో కిటికీలన్నీ బార్లా తీశారు.

ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడే అంటుకుంది కాబట్టి వాసనొచ్చింది, ఆవిడకి తెలిసింది. మంట కుదురుకున్నాక వాసన పలచబడుతుంది. మూసిన గదిలో గాలి కరువైన కొద్దీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరుగుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఆవిడ ఇంకో అరగంట పడుకుని ఉంటే? ఆ పసివాడు ఇప్పుడు నాకంటే ఎత్తున్నాడు, ఫోటో చూసినప్పుడల్లా నాకు గ్యారేజీయే గుర్తొస్తుంది.

అందుకని, గ్యారేజీలోకి వెళ్తే ముందు టైమర్ చూడు, తర్వాతే సీటుబెల్టు విప్పు. అద్దె ఇంటికి వెళ్లినా, స్నేహితుల ఇంటికి వెళ్లినా అంతే. తలుపు సగం తీసి ఉంచాంలే అనుకోవద్దు. రొవానియెమి దారిలో ఎక్కడైనా మంచులో ఇరుక్కుంటే, హీటరు వేసేముందు దిగి కారు కింద దాని సైలెన్సరు గొట్టం మంచుతో మూసుకుపోలేదు కదా చూడు, పార ఒకటి డిక్కీలో పెట్టుకో. అది వేసుకుని ముగ్గురూ నిద్రపోవద్దు, ఒకరు మెలకువగా ఉండండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను. నీ జీతం నాకు తెలుసులే, అయినా పంపిస్తాను.

తిట్టినట్టుందా? నువ్వు కారు తాళం పట్టుకుని తీసుకున్న ఫోటో మీ అత్తయ్య ఫ్రిజ్‌కి అంటించింది. వెనకాల ఆ మంచు చూస్తే నాకూ వచ్చేయాలనుంది, మోకాళ్లు ఒప్పుకోవడం లేదు.

సాయంత్రం టార్చి వేసుకుని కారు కిందికి వంగు. పెద్ద సైలెన్సరు కాదు, ముందువైపు వేలెడంత లావు గొట్టం ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పంపు. ఎటువైపు తిరిగి ఉందో చూడాలి.

కెంపెలే సంగతి మీ అమ్మకి చెప్పకు. ఇన్నేళ్లూ చెప్పలేదు.

నీ మామయ్య