మిద్దె మీద నుంచి ఉపగ్రహాలను చూడదలచిన శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం రాత్రి పదింటికి మిద్దె ఎక్కి చూస్తున్నా ఏమీ కనబడటం లేదని రాశావు. లోపం నీ చూపులో లేదు, ఎంచుకున్న వేళలో ఉంది. ఆ కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది కనుక, చెన్నైలో చీకటి పడ్డాక కూడా కొంతసేపు దాని మీద ఎండ పడుతూనే ఉంటుంది. మనకు కనిపించే వెలుగు ఆ ఎండదే. రాత్రి ముదిరేకొద్దీ భూమి నీడ అంత ఎత్తునా కమ్ముకుంటుంది. అందువల్ల సూర్యాస్తమయమైన అరగంట నుంచి సుమారు గంటన్నర వరకు, మళ్ళీ సూర్యోదయానికి ముందు అంతే వ్యవధి నీకు పనికివస్తాయి.

ఆ వేళల్లోనూ అది రోజూ రాదు. వరుసగా కొన్ని సాయంత్రాలు కనబడి, తరువాత కొన్ని వారాలు ముఖం చాటేస్తుంది. నాసా వారి ‘స్పాట్ ద స్టేషన్’ యాప్‌లో చెన్నైని ఎంచుకుంటే ఏ నిమిషానికి ఏ దిక్కున వస్తుందో తెలుస్తుంది. దిగంతం నుంచి 40 డిగ్రీలకు మించి పైకి వచ్చే రోజులనే చూసుకో, ఎందుకంటే అంతకన్నా కిందుగా పోయేవి మన ఊరి మసకలోనూ అపార్ట్‌మెంట్ల వెనుకా కలిసిపోతాయి. చెయ్యి బారచాచి పిడికిలి పడితే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు.

కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉన్నందున అది మనకు నైరుతి నుంచి ఈశాన్యానికో, వాయవ్యం నుంచి ఆగ్నేయానికో సాగుతుంది. మీనంబాకంలో దిగే విమానాల దీపాలు ఆరి వెలుగుతుంటాయి. ఇది మినుకు మనకుండా, నడినెత్తికి వచ్చేసరికి ఇంచుమించు శుక్రుడంత కాంతితో, ఐదారు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. 2025 జూన్, జూలై నెలల్లో మన శుభాంశు శుక్లా ఉండి వచ్చింది ఆ చుక్కలోనే.

నా మటుకు నాకు దాని రాక కన్నా పోకే ముచ్చట. సాయంకాలం అది సముద్రం వైపు సాగుతూ, దిగంతం ఇంకా ఎంతో దూరం ఉండగానే నీడలో పడుతుంది; బైనాక్యులర్‌తో వెంబడిస్తే తెల్లని చుక్క నారింజ రంగుకు తిరిగి, ఎర్రబడి, కొన్ని క్షణాల్లో కనుమరుగవుతుంది. వేకువన ఇందుకు తారుమారుగా, పడమటి వైపు ఏమీ లేని చోట ఉన్నట్టుండి పుడుతుంది. దీనికోసం బెసంట్ నగర్ బీచ్‌కి పోనక్కరలేదు, అక్కడి దీపాల కన్నా మీ మిద్దే నయం.

ఉత్తర దక్షిణాలుగా పోయే మసక చుక్కలలో భూపరిశీలన ఉపగ్రహాలు చాలానే ఉంటాయి. లెక్కగా మెరిసి ఆరేవి తరచుగా పల్టీలు కొట్టే ఖాళీ రాకెట్ భాగాలు. కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలయితే కొద్దిరోజులు బారులు తీరి పోతాయి. టీవీ ప్రసారాల ఉపగ్రహాల కోసం మాత్రం వెతకకు. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నవి మామూలు కంటికి ఆనవు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు ఎటూ చూడనివ్వవు కనుక, జనవరిలో మొదలుపెట్టు. ఈలోగా శ్రీహరికోటలో రాత్రిపూట ప్రయోగం ఏదైనా ఉండి, మబ్బు లేకపోతే, ఉత్తరం వైపు తెరిపిగా ఉన్న మూల చూసుకుని నిలబడు.

ఇట్లు,
మీ పెదనాన్న