బడి పిల్లలను ఎక్కించుకునే బండి, దాన్ని నడిపే మనిషి

(పాఠకుల ప్రశ్నలకు ఈ నెల సమాధానాలు ఇస్తున్నవారు రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు.)

ప్రశ్న: మా బాబు రెండో తరగతి చదువుతున్నాడు. సత్యనారాయణపురం నుంచి పటమట వైపున్న బడికి ఓమ్నీ వ్యానులో పంపుతున్నాము. వ్యానుకు తెల్ల నంబరు ప్లేటు ఉంది. అందులో మొత్తం పదమూడు మంది పిల్లలు ఎక్కుతారు. డ్రైవరు పదేళ్లుగా మా వీధి పిల్లలను దింపుతున్నాడు, మంచివాడే. అయినా మనసులో భయంగా ఉంది. అతణ్ణి ఏమేమి అడగాలి? నొచ్చుకోకుండా ఎలా అడగాలి?
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం: మీ భయం సరైనదేనమ్మా. అతను మంచివాడన్న మీ మాటను నేను కాదనను. పదేళ్లుగా ఒకే వీధి పిల్లలను తీసుకువెళుతున్న మనిషికి ఏ పిల్లవాడు ఏ గుమ్మం ముందు దిగుతాడో తెలుసు, ఎవరింట్లో ఎవరు ఎదురుచూస్తారో తెలుసు. అది విలువైన సంగతి. కానీ మీరు రాసిన వివరాల్లో రెండు విషయాలు అతని మంచితనంతో సరిపెట్టుకోదగినవి కావు.

మొదటిది తెల్ల ప్లేటు. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరు చేసిన బండి. డబ్బు తీసుకొని మనుషులను ఎక్కించుకునే బండి రవాణా వాహనంగా రిజిస్టరు కావాలి, పసుపు ప్లేటు ఉండాలి, పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా తిప్పితే కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉన్నాయి. మీకు సంబంధించినంతవరకు అంతకన్నా పెద్ద చిక్కు బీమాతో వస్తుంది. సొంత బండి పాలసీలో కిరాయికి వాడరాదన్న షరతు ఉంటుంది కాబట్టి, జరగరానిది జరిగి మీరు పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు (ప్రమాద పరిహారాలు తేల్చే న్యాయస్థానానికి) వెళితే, బీమా కంపెనీ ముందుగా ఆ షరతునే చూపిస్తుంది. ఆ వాదన తేలేసరికి ఏళ్లు గడుస్తాయి.

రెండవది పదమూడు మంది. ఓమ్నీ ఆర్‌సీలో డ్రైవరుతో కలిపి ఐదు సీట్లో, ఎనిమిది సీట్లో రాసి ఉంటాయి. పదమూడు మంది పిల్లలు, డ్రైవరు కలిస్తే పద్నాలుగు. 2019లో సవరించిన చట్టం ప్రకారం పరిమితికి మించి ఎక్కించుకున్న ప్రతి మనిషికీ 200 రూపాయల జరిమానా పడుతుంది. అంతేకాదు, అదనంగా ఎక్కినవారిని దింపి వారికి వేరే బండి ఏర్పాటు చేసే దాకా ఆ వాహనాన్ని కదలనివ్వకూడదని కూడా అదే సెక్షను చెబుతుంది.

ఇక అడగవలసినవి. లైసెన్సు చూడండి, దాని గడువు చూడండి. రవాణా వాహనం నడిపేవారికి ఇరవై ఏళ్లు నిండి ఉండాలి, అందువల్ల అతనికి జ్వరం వచ్చిన రోజున పద్దెనిమిదేళ్ల కొడుకును పంపితే అది చెల్లదు. బ్యాడ్జి (రవాణా వాహనం నడపడానికి విడిగా ఇచ్చే గుర్తింపు) లేదు కదా అని కొందరు తల్లిదండ్రులు గాభరా పడుతుంటారు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది కాబట్టి, ఓమ్నీ లాంటి వ్యాను విషయంలో ఆ దిగులు అక్కర్లేదు. తరువాత ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. మన రాష్ట్రంలో 2019లో అన్ని జిల్లాలకూ ఏపీ 39 ఒకటే కోడ్ చేశారు, కాబట్టి కృష్ణా జిల్లా పాత కోడ్ అయిన ఏపీ 16 నంబరు కనిపించిందంటే ఆ బండి అంతకుముందుదని మీకు చూడగానే తెలిసిపోతుంది. ఎఫ్‌సీ గడువు, బీమా గడువు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు, ఎవరినీ నొప్పించే పని లేదు. బండికి గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్‌సీలో నమోదయిందా అని అడగండి. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి, ఆ కాగితం చూపించమనండి. సీటు కింద వంటింటి సిలిండరు కనబడితే మాత్రం ఆ రోజే పిల్లవాణ్ణి దింపేయండి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా తలుపు చూడకుండా ఊరుకోకండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఉదయం సింగ్ నగర్ వైపు తనిఖీలో ఒక వ్యాను ఆపాను. పక్క తలుపుకు లోపలి గొళ్లెం విరిగిపోయి, దాని స్థానంలో ఒక బూటు లేసు కట్టి ఉంది. ఆ లేసు రెండో కొసను ఒక చిన్న పాప రెండు చేతులతో గుప్పిట పట్టి, వేళ్లు తెల్లబడేలా బిగించి కూర్చుంది. ఎందుకమ్మా పట్టుకున్నావని అడిగితే, “వదిలేస్తే తలుపు జరిగిపోతుందండీ, మావయ్య పట్టుకోమన్నాడు” అంది. ఆ బండికి లైసెన్సూ బీమా ఎఫ్‌సీ అన్నీ ఉన్నాయి. అప్పటి నుంచి ఏ వ్యాను ఆపినా కాగితాలు అడగడానికి ముందే తలుపు లాగి చూడడం నాకు అలవాటయింది. మీరూ అలాగే చేయండి: తలుపు వేసి లోపలి నుంచి తోయండి, బయటి నుంచి తీయండి, రెండూ సాఫీగా జరగాలి.

ఎలా అడగాలన్నారు. ఒక్కరే వెళ్లి అడిగితే నిలదీసినట్లుంటుంది. పదమూడు మంది పిల్లల ఇళ్లవాళ్లూ ఒక ఆదివారం కూర్చొని అతణ్ణి పిలిచి, బండి పసుపు ప్లేటుకు మార్చుకోవడానికి, పిల్లల సంఖ్య తగ్గించుకోవడానికి నెల కిరాయి ఎంత పెంచాలో ముందు మీరే ప్రస్తావించండి. నెలకు వంద రూపాయలు తగ్గించమని బేరమాడేది మనమే, ఆ వంద కోసం అతను ఇంకొక పిల్లవాణ్ణి ఇరికించుకుంటాడు. ఈ మాట తల్లిదండ్రులకు కష్టంగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను.

ప్రశ్న: నేను గుంటూరులో పన్నెండేళ్లుగా ఆటో నడుపుతున్నాను. ఉదయం గోరంట్ల నుంచి బ్రాడీపేట బడికి పిల్లలను తీసుకువెళతాను. ఆర్‌సీలో ఉన్నంతమందినే ఎక్కిస్తే నాకు గిట్టదు. ఎక్కువమందిని ఎక్కిస్తే చలానా రాస్తారు. చిన్న పిల్లలను సగం లెక్క వేస్తారని తోటి డ్రైవర్లు అంటున్నారు. అసలు మాకు ఏమేమి నియమాలున్నాయో సూటిగా చెప్పండి.
– ఒక ఆటో డ్రైవరు, గుంటూరు

సమాధానం: మీరు దాచుకోకుండా అడిగినందుకు సంతోషం. తోటి డ్రైవర్ల మాట మీద ఆధారపడకండి. మీ ఆర్‌సీ, పర్మిట్ కాగితాలు తీసి అందులో రాసిన సంఖ్య, షరతులు చదవండి. అనుమానం ఉంటే ఆర్‌టీఓ కార్యాలయంలో అడగండి, తనిఖీలో నిలబడేది ఆ కాగితం మీది మాటే. దానికి మించి నా మాట ఒకటి: ప్రతి పిల్లవాడి వీపూ సీటుకు ఆనాలి, రెండు పాదాలూ బండి లోపల ఉండాలి. వెనుక సీటుకు ఎదురుగా చెక్క వేసి కూర్చోబెట్టిన పిల్లలకు వెనుక ఏ ఆధారమూ ఉండదు.

మీ సీటులో మీకు అటూ ఇటూ పిల్లలను కూర్చోబెట్టుకోవడం మానేయండి. లాడ్జి సెంటరు లాంటి చోట ఒక్కసారిగా హ్యాండిల్ పూర్తిగా తిప్పవలసి వచ్చినప్పుడు అది పిల్లవాడి మోకాలికి తగిలి సగంలో ఆగిపోతుంది. మీకు ఎంత అనుభవం ఉన్నా ఆ సగం తిరగని హ్యాండిల్‌తో ఏమీ చేయలేరు. పక్కనున్న కొక్కేలకు పుస్తకాల సంచులు వేలాడదీసినా ఇబ్బందే, వాటి పట్టీలు పక్కన వెళ్లే మోటారు సైకిలు హ్యాండిల్‌కు చిక్కుకుంటాయి. సంచులు లోపలే పెట్టండి. కుడివైపు కడ్డీలతో మూసి ఉండాలి, పిల్లలు ఎప్పుడూ ఎడమవైపు నుంచే దిగాలి.

పిల్లల బండి నడిపేవారికి ఎలాంటి నడవడిక ఉండాలో తెలుసుకోవాలంటే, 1997లో సుప్రీంకోర్టు బడి బస్సుల గురించి ఇచ్చిన ఆదేశాలు చూడండి. ఢిల్లీలో ఒక బడి బస్సు యమునా నదిలో పడి పిల్లలు చనిపోయిన ఏడాది వచ్చిన ఆదేశాలవి. ఎర్ర లైటు దాటడం వంటి తప్పులకు ఏడాదిలో రెండుసార్లకు మించి చలానా పడిన డ్రైవరును, అతివేగానికో తాగి నడిపినందుకో ప్రమాదకరంగా నడిపినందుకో ఒక్కసారైనా చలానా పడిన డ్రైవరును పెట్టుకోకూడదని అందులో ఉంది. అవి బస్సులకు చెప్పినవి, అయితే బస్సులో పిల్లలను ఎక్కించి దింపడానికి డ్రైవరుతో పాటు ఇంకొక మనిషి ఉంటారు. ఆటోలో ఆ పని కూడా మీదే. అందుకే మీ విషయంలో వాటిని ఇంకొంచెం గట్టిగానే పాటించాలంటాను. నడుపుతూ ఫోను చేత పట్టుకుంటే చట్టం దాన్ని ప్రమాదకరంగా నడపడం కిందే లెక్కిస్తుంది. నలభై దాటిన ప్రతి డ్రైవరూ లైసెన్సు పునరుద్ధరణ కోసం ఎదురుచూడకుండా ఏటా కంటి పరీక్ష చేయించుకోవడం మంచిది.

పిల్లల పేర్లు, ఇంటి ఫోను నంబర్లు, రక్తం గ్రూపు రాసిన కాగితం బండిలో ఉంచండి. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలను తాళం వేసిన గుమ్మం ముందు వదిలి వెళ్లకండి, మీకు తెలిసిన పెద్దవారి చేతికే అప్పగించండి. పిల్లలు దిగిన తరువాత బండి వెనక్కి తీయవలసి వస్తే, ముందు మీరు దిగి వెనుక చూసి రండి. గిట్టుబాటు కోసం ఒకే ట్రిప్పులో ఇరికించే బదులు, బడివారితో మాట్లాడి గేటు అరగంట ముందు తీయించి రెండు ట్రిప్పులు వేసుకోండి. కొందరు ప్రధానోపాధ్యాయులు దీనికి వెంటనే ఒప్పుకున్నారు, అడిగినవారే తక్కువ.

ప్రశ్న: మా మనవరాలు వెళ్లే ఆటో డ్రైవరు దగ్గర ఉదయం పూటే మద్యం వాసన వస్తోంది. బడివారికి చెబితే అది మా బండి కాదు, మీరు మాట్లాడుకున్నదే అంటున్నారు. ఎవరికి చెప్పాలి?
– ఒక తాతగారు, విజయవాడ

సమాధానం: ఆ ఆటోలో అమ్మాయిని రేపటి నుంచి పంపకండి, మిగతా పిల్లల ఇళ్లకూ ఈ రోజే చెప్పండి. ఉదయం బండి మీ వీధికి వచ్చినప్పుడు వాసన వస్తే అక్కడే ఆపి 112కు ఫోను చేయండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం మించితే నేరమే, మొదటిసారికే చట్టంలో 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. పరీక్ష అప్పటికప్పుడు జరగాలి, సాయంత్రం ఇచ్చే ఫిర్యాదుతో అది తేలదు. డ్రైవరు ప్రవర్తన వల్ల పిల్లలు భయపడుతున్నారనిపిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైను ఉంది. లైంగిక వేధింపుల అనుమానం ఉంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత, బడివారికి కూడా అది తప్పదు. ఆర్‌టీఓ కార్యాలయానికి రాసే ఫిర్యాదులో బండి నంబరు, తేదీ, సమయం, చోటు తప్పక రాయండి, దాని నకలు ఒకటి బడి ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.