టోక్యో నుంచి క్యోటో, ఒక్క రోజులో

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉంటాడు. బుల్లెట్ రైలెక్కి క్యోటో చూసి రాత్రికి తిరిగి రావచ్చా? నాకు మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: నిక్షేపంగా రావచ్చమ్మా. నోజోమి రైలు రెండుంపావు గంటల్లో దించేస్తుంది. అంతసేపట్లో మీ ఊరి బస్సు హైదరాబాద్ చేరడమే కష్టం! వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ, 'ఇ' అక్షరం సీటు అడగండి. మబ్బు లేకుంటే ముప్పావు గంటకు ఫుజి పర్వతం కనిపిస్తుంది; అప్పుడు మాత్రం కునుకు తీయకండి. పులిహోర డబ్బా నిస్సంకోచంగా తెరవండి, ఈ రైల్లో తినడం మామూలే. నగరంలో తిరిగే రైళ్లలో మాత్రం వద్దు. క్యోటోలో దిగాక నారా లైను బండిలో రెండో స్టేషనే ఇనారి. ఎదురుగానే ఫుషిమి ఇనారి ఆలయం, టికెట్ లేదు. ఎర్రని తోరణాల వరస కింది నుంచే మొదలవుతుంది, కొండ ఎక్కనక్కర్లేదు.