ట్రైలర్‌లో ఇద్దరు ఏడాదిపాటు ఉండాలంటే: సోలార్ కంటే ముందు గ్రే ట్యాంకు లెక్క వేసుకోండి

మీ ప్రశ్న ఇదీ: ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తున్నారు, టెక్సస్‌లో అపార్ట్‌మెంట్ లీజు అయిపోతోంది, 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్ కొని ఏడాదిపాటు అమెరికా అంతా తిరుగుతూ అందులోనే ఉందామనుకుంటున్నారు, ఒకరిది హెచ్‌1బి. సోలార్ ఎన్ని వాట్లు పెట్టించాలి?

సోలార్ సంగతి చెప్తానండీ. కానీ హుక్కప్ (క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం కనెక్షన్) లేనిచోట ఎన్నాళ్లు ఉండగలరన్నది తేల్చేది కరెంటు కాదు, నీళ్లు. బ్యాటరీ అయిపోతే జనరేటర్ వేసుకోవచ్చు. గ్రే ట్యాంకు నిండిందంటే మాత్రం సామాను సర్దుకుని, మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కి వెళ్లాల్సిందే.

ట్యాంకులు మూడు. ఫ్రెష్‌లో మంచినీళ్లు, గ్రేలో సింకూ షవరూ వాడిన నీళ్లు, బ్లాక్‌లో టాయిలెట్‌వి. మీరు చెప్పిన సైజులో ఫ్రెష్ 40 గ్యాలన్లు, మిగతా రెండూ చెరో 30 గ్యాలన్లు, అటూఇటూగా ఉంటాయి. షవర్ నిమిషానికి దాదాపు 2 గ్యాలన్లు తాగుతుంది. ఇద్దరూ ఐదేసి నిమిషాలు నిలబడితే 20 గ్యాలన్లు పోయాయి. అంట్లు కూడా కలిపితే రెండో రోజు మధ్యాహ్నానికి గ్రే నిండుతుంది. అమెరికన్లు నీళ్లు కట్టేసి సబ్బు రాసుకుని మళ్లీ తిప్పే 'నేవీ షవర్' గురించి చెప్తారు. మనకు అంతకంటే సులువైనది చిన్నప్పటి నుంచీ తెలుసు: బకెట్టూ చెంబూ. మనిషికి 2 గ్యాలన్ల బకెట్ చాలు. స్నానాలకు 4, అంట్లకూ చేతులకూ 3, మొత్తం రోజుకు 7 గ్యాలన్లు. అదే ట్యాంకు నాలుగు రోజులొస్తుంది. వేడినీళ్లు వచ్చేదాకా పారే చన్నీళ్లు కూడా బకెట్‌లో పట్టి టాయిలెట్‌లో పోయండి.

మన వంటతో గ్రే ట్యాంకుకు ఇంకో తంటా ఉంది. తాలింపు నూనె, పప్పు, సాంబారు అడుగు సింకులోకి వెళ్తే నూనె ట్యాంకు గోడలకు పట్టి, అందులో మెతుకులు కుళ్లి, బ్లాక్ ట్యాంకును మించిన కంపు వస్తుంది. ఆ జిడ్డే సెన్సార్ల మీద పేరుకుని, ఖాళీ ట్యాంకును కూడా మూడింట రెండొంతులు నిండినట్టు చూపిస్తుంది. గిన్నెలు కడిగేముందు పేపర్ టవల్‌తో పూర్తిగా తుడవండి, సింకు రంధ్రంలో సన్నటి జాలీ వేయండి. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టి టాయిలెట్‌లో పోయండి. బ్లాక్ ట్యాంకు ఎలాగూ నీళ్లు కోరుకుంటుంది, గ్రేలో చోటూ మిగులుతుంది. ఇంత చేసినా సింకు దగ్గర వాసన వస్తోందంటే ట్యాంకును తిట్టుకోకండి. సింకు కింద పైపు చివర నల్లటి ప్లాస్టిక్ టోపీలాంటి ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ ఉంటుంది. దానిలోపలి రబ్బరు ఎండిపోతే గాలి వెనక్కి తంతుంది. చేత్తో తిప్పి తీసి కొత్తది బిగించొచ్చు, ఖర్చు కొద్ది డాలర్లే.

బ్లాక్ ట్యాంకు విషయంలో కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే. ఫుల్ హుక్కప్ దొరికింది కదా అని వాల్వ్ తెరిచి ఉంచేస్తారు. నీళ్లు వెళ్లిపోతాయి, గట్టిది టాయిలెట్ కిందే గుట్టగా గడ్డకడుతుంది. దాన్ని కరిగించడం రోజుల పని. వాల్వ్ మూసే ఉంచండి. కనీసం మూడింట రెండొంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలండి. సబ్బునీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. ఖాళీ చేయగానే రెండు మూడు గ్యాలన్ల నీళ్లు పోసి పెట్టుకోండి. గొట్టం మొదట్లో పారదర్శకమైన ఎల్బో (వంపు గొట్టం ముక్క) బిగిస్తే నీళ్లు తేటపడ్డాయో లేదో కనిపిస్తుంది. హ్యాండ్ స్ప్రేయర్ లేకుండా మనవాళ్లకు గడవదు కాబట్టి పెట్టించుకోండి, బ్లాక్ ట్యాంకుకు అది మంచిదే. కాకపోతే దాని టీ-వాల్వ్‌ను ప్రతిసారీ కట్టేయాలి. సన్న గొట్టం ఎప్పుడూ ప్రెషర్‌లో ఉంటే ఓ రోజు మీరు బయటికెళ్లినప్పుడు పగులుతుంది, వచ్చేసరికి నేలంతా నీళ్లు.

క్యాంప్‌గ్రౌండ్ కుళాయిల్లో కొన్నిచోట్ల ప్రెషర్ 100 పీఎస్‌ఐ దాటుతుంది. రెగ్యులేటర్‌ను 45-50 మధ్య పెట్టుకుని, బండి వైపు కాకుండా కుళాయి వైపు బిగించండి. అప్పుడు హోస్‌కూ రక్షణ ఉంటుంది.

ఇక కరెంటు. ఈ సైజు ట్రైలర్లలో చాలావాటికి 30 ఆంప్స్ ప్లగ్గే ఉంటుంది: 120 వోల్టులు, మొత్తం 3,600 వాట్లు. ఏసీకి 13, ఇండక్షన్ పొయ్యికి 15, మైక్రోవేవ్‌కి 13, వాటర్ హీటర్ ఎలిమెంట్‌కి 12 ఆంప్స్ దాకా కావాలి. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ మీద కుక్కర్ పెడితే 28. అప్పుడే కన్వర్టర్ (బయటి కరెంటును బ్యాటరీకి సరిపడేలా 12 వోల్టులకు మార్చే పెట్టె) బ్యాటరీని ఛార్జ్ చేయడం మొదలుపెట్టిందా, బ్రేకర్ పడిపోతుంది. ఎండాకాలం హీటర్‌ను గ్యాస్‌కు మార్చండి, కుక్కర్‌ను గ్యాస్ పొయ్యి మీదే పెట్టండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: హీటర్ ట్యాంకులో నీళ్లు లేకుండా ఎలిమెంట్ స్విచ్ వేయకండి, నిమిషాల్లో కాలిపోతుంది. స్నేహితుల ఇంటి దగ్గర ఎలక్ట్రీషియన్‌తో 30 ఆంప్స్ అవుట్‌లెట్ పెట్టిస్తుంటే దగ్గరుండి చూసుకోండి. '30 ఆంప్స్' అనగానే డ్రయ్యర్‌కనుకుని 240 వోల్టులు కలిపేస్తుంటారు, ప్లగ్ పెట్టగానే లోపలున్నవన్నీ పోతాయి. మల్టీమీటర్‌తో 120 చూశాకే గుచ్చండి. వోల్టేజి పడిపోయినా లైను కోసేసే ఈఎంఎస్ రకం సర్జ్ ప్రొటెక్టర్ కొనండి. మామూలు రకం హై వోల్టేజి తాకిడినే ఆపుతుంది, ఏసీ కంప్రెసర్లను చంపేది ఎక్కువగా లో వోల్టేజి.

మీరు అడిగిన సోలార్: రెండు ల్యాప్‌టాప్‌లు ఎనిమిది గంటలు 800 వాట్-అవర్లు, శాటిలైట్ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ మినీ 300, 12 వోల్టుల ఫ్రిజ్ 900, లైట్లు, పంపు, ఫ్యాన్లు 300. మొత్తం 2,300. 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీ ఒక్కోటి 1,280 ఇస్తుంది. రెండు బొటాబొటీ, మూడైతే మబ్బు రోజుకూ సరిపోతాయి. 100 వాట్ల ప్యానెల్ పైకప్పు మీద పడుకోబెడితే మంచి ఎండలో రోజుకు 300-350 ఇస్తుంది, చలికాలం సగానికి పడిపోతుంది. అంటే 800 వాట్లు పెట్టించండి, శీతాకాలానికి చిన్న జనరేటర్ ఉంచుకోండి. ఏసీని సోలార్ మీద నడపాలన్న ఆశ మాత్రం వదిలేయండి, ఎనిమిది గంటలకే 10,000 వాట్-అవర్ల పైన అడుగుతుంది. లిథియం బ్యాటరీని 0 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే పాడవుతుంది, అందుకని లోపల పెట్టించండి. లెడ్ బ్యాటరీ కోసం వచ్చిన పాత కన్వర్టర్ దాన్ని నిండా ఛార్జ్ చేయలేదు, అదీ మార్చాలి.

చలికి గ్యాస్ లెక్క: 20 పౌండ్ల సిలిండర్‌లో 4.7 గ్యాలన్లు పడుతుంది. 30,000 బీటీయూ ఫర్నెస్ (గది వేడిచేసే గ్యాస్ హీటర్) ఆగకుండా మండితే 14 గంటలు. రాత్రిళ్లు సగం సేపు మండుతుందనుకున్నా రెండు రాత్రుల్లో అయిపోతుంది. రెండు సిలిండర్లు ఉంటాయి కాబట్టి సర్దుకోవచ్చు. గ్యాస్ పొయ్యి మంట నుంచి కూడా తేమ పుడుతుంది, అన్నం వార్చేటప్పుడు, ఇడ్లీ పెట్టినప్పుడు పై వెంట్ తెరవకపోతే పరుపు కింద బూజు పడుతుంది.

బరువు విషయంలో బ్రోషర్‌లోని డ్రై వెయిట్‌ను నమ్మకండి. ట్రైలర్‌ను లాగే ట్రక్కు డ్రైవర్ తలుపు దగ్గరున్న పసుపు స్టిక్కర్ మీది పేలోడ్ (ట్రక్కు మోయగల బరువు) చూడండి. ట్రైలర్ బరువులో 10-15 శాతం హిచ్ (ట్రక్కుకు ట్రైలర్‌ను తగిలించే చోటు) మీద పడుతుంది, మీరిద్దరూ, ట్రక్కులో సామానూ అందులోనే. నిండు ఫ్రెష్ ట్యాంకే 330 పౌండ్లు దాటుతుంది. గ్రైండరు, బియ్యం బస్తాలు ఇరుసు దగ్గర పెట్టండి. వెనక చివర పెడితే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. అంతా సర్దాక ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (బండ్లు తూచే కాటా) మీద తూకం వేయించండి.

హెచ్‌1బి సంగతి వీటన్నిటికంటే బరువైనది. మీరు ఎక్కడ కూర్చుని పనిచేస్తే అదే వర్క్‌సైట్. ఎల్‌సీఏలో (హెచ్‌1బి కోసం కంపెనీ కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తులో) రాసిన మెట్రో ప్రాంతం దాటి పనిచేయాలంటే సాధారణంగా కంపెనీ హెచ్‌1బి పిటిషన్‌కు అమెండ్‌మెంట్ వేయాలి. కొద్ది రోజులకు మినహాయింపులున్నా వాటికి షరతులున్నాయి. ట్రైలర్‌కు అడ్వాన్స్ కట్టకముందే కంపెనీ లాయర్‌ను అడగండి. చిరునామా మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు ఆ సంగతి తెలిపే ఏఆర్-11 ఫారం వేయాలి, ఇది గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. ఉత్తరాలకు మెయిల్ ఫార్వర్డింగ్ పెట్టుకుంటే పోస్టాఫీసు 1583 ఫారం నింపాలి. ఇన్సూరెన్స్ కూడా 'ఫుల్‌టైమర్' పాలసీ అని అడిగి తీసుకోండి. సరదాగా వాడే బండి అని తీసుకుని అందులో కాపురం ఉంటే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది.

బయల్దేరేటప్పుడు పని ఒకరు చేయండి, రెండోవారు వెనకే తిరిగి చూడండి. హిచ్ బిగించేవాళ్లను ఆ ఐదు నిమిషాలూ పలకరించొద్దు. కప్లర్ (ట్రక్కు హిచ్ బాల్‌ను పట్టుకునే ట్రైలర్ ముందు కొస) గొళ్లెం వేశాక, చక్రాల కింద చాక్స్ (అడ్డు దిమ్మలు) తీయకముందే జాక్‌తో ట్రైలర్ ముక్కును రెండంగుళాలు పైకెత్తండి. ట్రక్కు వెనక భాగం కూడా లేస్తే పట్టుకున్నట్టు. బాల్‌ను వదిలేసి కప్లర్ ఒక్కటే లేచిందా, కిందికి దించి మళ్లీ మొదట్నుంచి బిగించండి.