ప్రశ్న - జవాబు: దక్షిణ ముందే అడగొచ్చా?

ప్రశ్న: మా గృహప్రవేశానికి పురోహితుడుగారు ఫోన్‌లోనే సంభావన ఎంత ఇస్తారని అడిగారు. మా అత్తగారు ‘పూర్వం ఋషులు ఇలా బేరాలాడేవారా?’ అని నొచ్చుకున్నారు. వేదకాలంలో దక్షిణ ఎలా ఉండేది? అప్పుడూ డబ్బేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అడిగేవారమ్మా. మన వైపు చాలా వైదిక కుటుంబాలు పాటించే ఆపస్తంబ శ్రౌతసూత్రంలోనే (యాగాలు చేసే పద్ధతి చెప్పే గ్రంథం) ఉంది. సోమయాగం తలపెట్టిన యజమాని ఋత్విక్కులను, అంటే యాగం జరిపించే పురోహితులను, పిలవడానికి సోమప్రవాకుడనే మనిషిని పంపుతాడు. కబురందుకున్నవాడు వెంటనే సరేననడు. ఇంకా ఎవరెవరు వస్తున్నారు, ఎవరైనా ఒప్పుకుని వదిలేసిన పని కాదు కదా అని ఆరా తీస్తాడు. ఆ ప్రశ్నల్లోనే ఒకటి: ‘కచ్చిత్ కల్యాణ్యో దక్షిణాః?’ దక్షిణలు బాగానే ఉంటాయి కదా అని. మీ పురోహితుడుగారు ఆ మాటే ఫోన్‌లో అడిగారు.

ఋగ్వేదంలో డబ్బు లేదు. ఆవులు, గుర్రాలు, బంగారం. సింధు తీరపు రాజు స్వనయుడు తనకు 100 నిష్కాలు (బంగారు నగలు), 100 గుర్రాలు ఇచ్చాడని కక్షీవంతుడనే ఋషి పాడుకున్నాడు. ఇంకో సూక్తంలో 60,000 గుర్రాల మాట ఉంది. అది నేను నమ్మను. రాజును పొగిడేటప్పుడు సున్నాలు వాటంతటవే పెరుగుతాయి. సుదాసుడనే రాజు వసిష్ఠుడికి ఇచ్చిన 200 ఆవులు, 2 రథాలు కాస్త నమ్మేలా ఉన్నాయి. ఆ రథాలతో పాటు స్త్రీలనూ ఇచ్చాడు. ప్రవచనాల్లో ఈ ముక్క వినిపించదు.

తర్వాత బ్రాహ్మణాలు (వేదాల్లో యాగాలను వివరించే భాగాలు), సూత్రాల కాలానికి వ్యవహారం లెక్కల్లో పడింది. సోమయాగాల్లో ఒకటైన అగ్నిష్టోమానికి దక్షిణ 112 ఆవులు. (దీనికీ మన నూటపదహార్లకీ చుట్టరికం కలపకండి.) ఋత్విక్కులు 16 మంది, నాలుగు అంచెలు. వాటా ఎలా వేయాలో మనుస్మృతి చెబితే, వ్యాఖ్యాత కుల్లూకభట్టు దాన్ని 100 ఆవుల మీద విప్పి చూపించాడు. హోత, అధ్వర్యువు, బ్రహ్మ, ఉద్గాతలకు తలా 12. రెండో అంచె నలుగురికీ అందులో సగం, 6. మూడో అంచెకు మూడో వంతు, 4. చివరివారికి పావు వంతు, 3. కూడి చూడండి, సరిగ్గా 100. పంచేది మధ్యాహ్నం, సోమరసం పిండే మాధ్యందిన సవనంలో.

అన్నిటికీ ఆవులేమీ ఇవ్వరు. పక్షానికోసారి చేసే దర్శపూర్ణమాసలకు దక్షిణ వట్టి అన్నం! దక్షిణాగ్ని మీద వండిన అన్వాహార్యం నలుగురు ఋత్విక్కులకు పెడితే సరి.

ఇది దానమా, కూలా? వేదవిధుల అర్థం తేల్చే మీమాంసకులు మొహమాటపడలేదు. ఋత్విక్కును పనికి కుదుర్చుకున్నందుకు ఇచ్చేదే దక్షిణ అన్నారు. అందుకే ముందే అడగడంలో నాకు తప్పు కనబడదు. కార్యం మధ్యలో పీటల మీద కూర్చోబెట్టి రేటు పెంచితే, అప్పుడు మీ అత్తగారి పక్షమే నేను.

ఇక భూమి. మొదట్లో అది ఇవ్వదగిన వస్తువే కాదు. విశ్వకర్మ భౌవనుడనే రాజు కశ్యపుడికి భూమిని ఇవ్వబోతే, ‘ఏ మనిషీ నన్ను ఇవ్వడానికి తగడు, నీళ్లలో మునిగిపోతాను’ అని భూదేవి కోప్పడిందని ఐతరేయ బ్రాహ్మణం కథ. విశ్వజిత్ యాగంలో సర్వస్వం ధారపోయమన్నా నేల అందులోకి రాదనీ, అది అందరిదనీ మీమాంసా సూత్రాలు రాసిన జైమిని తేల్చాడు. రాజులు మాత్రం ఆగలేదు. అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసిన మన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుణ్ణి నాగార్జునకొండ శాసనాలు పొగిడే తీరు ఇది: కోటి బంగారు నాణేలు, లక్ష ఆవులు, లక్ష నాగళ్ల నేల ఇచ్చినవాడు. ఇవీ పొగడ్త సున్నాలే కావచ్చు గానీ, 3వ శతాబ్దానికల్లా ఆవు పక్కన నేల వచ్చి చేరింది. తర్వాతి రాజుల రాగి రేకుల నిండా అగ్రహారాలే.