‘ది’ ఎక్కడ పెట్టాలి? మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఇంగ్లీషులో రాసి పంపిన ప్రాజెక్టు రిపోర్టు మొత్తం చదివాను. విషయం బాగుంది. మీ గైడుగారు ఎర్ర సిరాతో పెట్టిన గుర్తులు కూడా చూశాను. సగానికి పైగా ఒక్క మాట గురించే: ‘ది’ (the). ఒక వరుసలో ఎందుకు పెట్టలేదంటారు, కింది వరుసలో ఎందుకు పెట్టావంటారు. “మామయ్యా, దీనికి రూలంటూ ఉందా, లేక వాళ్ల ఇష్టమేనా?” అని విసుక్కున్నావు. రూలు ఉందమ్మా. కాకపోతే నువ్వు బట్టీ పట్టిన పాతిక రూళ్ల కింద అది నలిగిపోయింది.

‘ది’ పెట్టాలా వద్దా అని నామవాచకాన్ని చూసి తేల్చుకోబోకు. చదివే మనిషిని చూసి తేల్చుకో. ‘ది’ అంటే ఒక సైగ. “నేను దేన్ని అంటున్నానో నీకు తెలుసు” అని చదివేవాళ్లకు చెప్పడం. తెలిస్తే పెట్టు. తెలియకపోతే ‘ఎ’ పెట్టు, లేదా ఊరికే వదిలెయ్. మిగతాదంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

మన తెలుగులో ఆర్టికల్స్, అంటే ‘ఎ’, ‘యాన్’, ‘ది’ లాంటి మాటలు, లేవు కాబట్టి ఈ సూక్ష్మం మనకు అందదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. “గదిలో కుర్చీ ఉంది” అను. తర్వాత “కుర్చీ గదిలో ఉంది” అను. రెండూ ఒకటేనా? మొదటి దాంట్లో కుర్చీ సంగతి వినేవాడికి కొత్త. రెండో దాంట్లో ఏ కుర్చీయో వాడికి ముందే తెలుసు, ఎక్కడుందో ఒక్కటే తెలియదు. ఇంగ్లీషులో మొదటిది ‘ఎ చైర్’, రెండోది ‘ది చైర్’. వాళ్లు మాట పెట్టి చేసే పని మనం మాట చోటు మార్చి చేస్తాం. అలాగే “పుస్తకం తెచ్చాను”, “పుస్తకాన్ని తెచ్చాను”. ఎప్పుడూ అని కాదు గానీ, ఆ ‘ని’ చేరగానే చాలాసార్లు ఇద్దరికీ తెలిసిన ఫలానా పుస్తకమే కళ్ల ముందుకొస్తుంది. కాబట్టి చెవి నీకు ఉంది. ఇంగ్లీషు రాసేటప్పుడు దాన్ని మూసేసి రూళ్లు వెతుక్కుంటున్నావు, అంతే.

ఇంకో చిట్కా చెబుతారు: తెలుగులో ‘ఆ’ పెట్టి చూడు, అతికితే ‘ది’ పెట్టు అని. పూర్తిగా తప్పు కాదు. పాత ఇంగ్లీషులో ‘అది, ఆ’ అని వేలు పెట్టి చూపించే మాటలే అరిగి అరిగి ‘ది’ అయ్యాయి. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. ఆ భాషలోని ‘ఆ’ లాంటి మాట నుంచే ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషలకు ఆర్టికల్స్ పుట్టాయి. కానీ చుట్టరికం ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా పనికిరాదు. “ఒక ఇంటికి వెళ్లాను. తలుపు తీసి ఉంది” అంటాం. “ఆ తలుపు” అంటే వినేవాడు “ఏ తలుపు?” అని బిత్తరపోతాడు. ఇంగ్లీషులో మాత్రం అక్కడ ‘ది డోర్’ అనే రాయాలి.

ఇక్కడ కాసేపు ఆగు, నీ తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. మొదటిసారి చెబితే ‘ఎ’, రెండోసారి చెబితే ‘ది’ అని నీకెవరో నేర్పారు. మరి ఆ తలుపు మాట అంతకుముందు రాలేదే? రాకపోయినా ఇల్లు వచ్చింది. ఇల్లంటే తలుపు ఉంటుందని చదివేవాడికి తెలుసు, కాబట్టి సైగ అందుతుంది. కారు అన్నావంటే ‘ది ఇంజిన్’, సర్వే అన్నావంటే ‘ది రిజల్ట్స్’, పుస్తకం అన్నావంటే ‘ది కవర్’. సూర్యుడు, చంద్రుడు కూడా ఈ లెక్కే: ఒక్కటే ఉంది గనక ఏదని ఎవరూ అడగరు. ‘ది బెస్ట్’, ‘ది ఫస్ట్’, ‘ది సేమ్’ కూడా అంతే. ఇవన్నీ వేరువేరు రూళ్లని పుస్తకాలు నంబర్లు వేసి ఇస్తాయి. నాకు మాత్రం ఒకే ప్రశ్న కనిపిస్తుంది: “ఏది?” అంటే చదివేవాడి దగ్గర జవాబు ఉందా?

బహువచనంలో ఈ సైగకు ఇంకాస్త బరువు ఉంటుంది, అది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంస్థ వాళ్లు కొన్ని కాగితాలు పంపారు. అందాయని జవాబు రాస్తూ “వుయ్ హ్యావ్ రిసీవ్డ్ డాక్యుమెంట్స్” అన్నాను. ‘ది’ లేదు. ఏవో కొన్ని కాగితాలు వచ్చాయన్నట్టు అయింది. మిగతావి దారిలో పోయాయనుకుని వాళ్లు మొత్తం కట్ట మళ్లీ పంపారు. ‘ది డాక్యుమెంట్స్’ అని ఉంటే మీరు పంపినవి, అన్నీ అని అర్థమయ్యేది. మా ఆఫీసరు రెండో కట్ట నా బల్ల మీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తిడితేనే బాగుండేదనిపించింది.

ఇప్పుడు దీనికి ఎదురు తప్పు. ‘ది’ వదిలేస్తున్నావని ఎవరో అన్నాక, భయంతో అన్నిటికీ తగిలించడం. నీ రెండో పేజీలో ‘ది సొసైటీ’, ‘ది నేచర్’, ‘ది ఎడ్యుకేషన్’ వరుసగా ఉన్నాయి. మొత్తంగా సమాజం, ప్రకృతి, చదువు అనేటప్పుడు అక్కడ ఏదీ అక్కర్లేదు. ఒక ఫలానా దానికి ముడివేస్తేనే ‘ది’ వస్తుంది: ‘ది ఎడ్యుకేషన్ షి రిసీవ్డ్’ అన్నావనుకో, ఆమె పొందిన ఆ చదువు. అలాగే ‘మోస్ట్ ఆఫ్ పీపుల్’ అని రాశావు. జనంలో చాలామంది అనాలంటే ‘మోస్ట్ పీపుల్’ చాలు. నువ్వు సర్వే చేసిన వాళ్లలో చాలామంది అనాలంటే ‘మోస్ట్ ఆఫ్ ది పీపుల్’. మధ్యరకం లేదు.

ఏదీ పెట్టకపోవడానికీ అర్థం ఉంటుందని చెప్పడానికి నేనెప్పుడూ 1969 నాటి చంద్రుడి మాటే చెబుతాను. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపుతూ అన్నది ప్రపంచానికి ‘స్మాల్ స్టెప్ ఫర్ మ్యాన్’ అని వినిపించింది. ‘ఎ మ్యాన్’ అంటే ఒక మనిషి. ఉత్త ‘మ్యాన్’ అంటే మానవజాతి. ఆ వెంటనే వచ్చే ‘జెయంట్ లీప్ ఫర్ మ్యాన్‌కైండ్’లో ‘మ్యాన్‌కైండ్’ అర్థం కూడా అదే, దాంతో ఒక మనిషి చిన్న అడుగుకూ మానవజాతి పెద్ద అంగకూ పెట్టిన పోలికే పోయింది. తాను ‘ఎ’ అనాలనే అనుకున్నానని ఆయన తర్వాత చెప్పారు. అంత చిన్న అక్షరం పలికిందా లేదా అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు.

పరిశోధన రాతలో నిన్ను తప్పకుండా పట్టుకునే జంట ఒకటుంది. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే చాలామంది విద్యార్థులు, క్రియ బహువచనం: ‘ఆర్’. ‘ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే విద్యార్థుల సంఖ్య, అది ఒక్కటే: ‘ఈజ్’. నాలుగుచోట్ల తారుమారు చేశావు. ‘ది పూర్’, ‘ది రిచ్’ అంటే పేదలు, ధనికులు అందరూ, కాబట్టి ‘ఆర్’. ‘ఇంగ్లిష్’ అంటే భాష, ‘ది ఇంగ్లిష్’ అంటే ఆ జనం.

పేర్ల దగ్గర తర్కం వెతక్కు, చూసి గుర్తుపెట్టుకో. నదులకు, సముద్రాలకు, పర్వత శ్రేణులకు ఉంటుంది: ది నైల్, ది పసిఫిక్, ది హిమాలయాస్. ఒంటరి శిఖరానికి, సరస్సుకు ఉండదు: మౌంట్ ఎవరెస్ట్, లేక్ విక్టోరియా. దేశాలకు మామూలుగా ఉండదు. పేరులో స్టేట్స్, కింగ్‌డమ్, రిపబ్లిక్ లాంటి మాట ఉన్నా, నెదర్లాండ్స్, ఫిలిప్పీన్స్‌లా బహువచనమైనా ఉంటుంది. ఒకప్పుడు ఇంగ్లీషులో ‘ది యుక్రెయిన్’ అనేవారు. 1991లో ఆ దేశం స్వతంత్రమయ్యాక ఆ ‘ది’ని క్రమంగా వదిలేశారు, ఏదో పెద్ద దేశంలోని ఒక ప్రాంతంలా వినిపిస్తోందని. చూశావా, ఇంత చిన్న మాట కూడా రాజకీయం మాట్లాడుతుంది. ఇక ‘గో టు స్కూల్’ అంటే చదువుకోవడానికి, ‘గో టు ది స్కూల్’ అంటే ఆ భవనానికి, పనేదో ఉండి. ఆసుపత్రి దగ్గర మాత్రం బ్రిటిష్ వాళ్లు ‘ఇన్ హాస్పిటల్’ అంటే అమెరికన్లు ‘ఇన్ ది హాస్పిటల్’ అంటారు. ఏదో ఒకటి పట్టుకుని రిపోర్టంతా అదే రాయి.

పలకడం గురించి ఒక్క ముక్క. అచ్చు శబ్దం ముందు ‘ది’, హల్లు శబ్దం ముందు ‘ద’కు దగ్గరగా పలుకుతారు. చూడాల్సింది శబ్దాన్ని, అక్షరాన్ని కాదు. అందుకే ‘ది అవర్’, ‘ద యూనివర్సిటీ’. పాత దుకాణాల బోర్డుల మీద ‘యీ ఓల్డ్’ అని కనిపించేది కూడా ఈ ‘ది’నే. ‘th’ శబ్దానికి వాడిన ‘థార్న్’ అనే పాత అక్షరం రాతలో ‘వై’లా కనిపించేది, అచ్చులోనూ దాని బదులు ‘వై’నే వాడారు. పలికింది మాత్రం ‘ది’ అనే. ఇది నీ రిపోర్టుకు అక్కరకు రాదు, నాకు ముచ్చటగా ఉంటుందని చెప్పాను.

అభ్యాసానికి నేను చేసిన పని చెబుతాను. మంచి ఇంగ్లీషు గద్యం ఒక పేజీ తీసుకో. ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అన్నీ తీసేసి కాపీ రాసుకో, ఖాళీ గీతలు కూడా పెట్టకు. రెండు రోజులాగి నీ అంతట నువ్వు పెట్టుకుంటూ పో. అసలుతో పోల్చు. తేడా వచ్చిన ప్రతి చోటా “ఇక్కడ చదివేవాడికి ఏం తెలుసని రచయిత అనుకున్నాడు?” అని అడుగు. నెలకు పది పేజీలు చాలు. వార్తల హెడ్డింగులు మాత్రం తీసుకోకు. చోటు లేక వాళ్లు ఆర్టికల్స్ ఎగరగొడతారు, అవి చూసి నేర్చుకుంటే నా డాక్యుమెంట్ల గతే పడుతుంది.

నీ మూడో పేజీ మొదటి పేరాలో పదకొండు నామవాచకాల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. జవాబులు రాయలేదు. మొదటి వరుసలోనే ‘ది మెథడ్’ అన్నావు, అప్పటిదాకా ఏ పద్ధతి గురించీ చెప్పలేదు. అక్కడి నుంచి మొదలుపెట్టి, ఆదివారంలోగా తిరిగి పంపు.

మీ మామయ్య