పాత పెట్రోల్ మహీంద్రా జీపుకి డీజిల్ ఇంజన్ వేయించవచ్చా? నేను వేయించాను, నా అనుభవం ఇదీ

మీరు అడిగింది ఇదే కదా: నాన్నగారి కాలంనాటి పెట్రోల్ సీజే3బీ జీపు ఉంది, తోటకీ కొండదారికీ వాడుకోవాలి, డీజిల్ ఇంజన్ వేయిస్తే ఫోర్ వీల్ పనిచేస్తుందా, ఏ ఇంజన్ వేయాలి, అంత ఖర్చు పెట్టొచ్చా అని. మాది గిద్దలూరు వైపు. ఇలాంటి జీపుకే 2008లో విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్ వేయించాను, ఇప్పటికీ అదే నడుపుతున్నాను.

ముందు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్చాలంటే ఆర్టీఓ ఆఫీసులో ముందుగా అనుమతి తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక ఆఫీసుల్లో పట్టింపు పెరిగింది. నా రోజుల్లో దొరికినంత సులువుగా ఇప్పుడు అనుమతి దొరక్కపోవచ్చు. అందుకే ఇంజన్ కొనకముందే ఆర్‌సీ పట్టుకుని వెళ్లి, ఏ ఇంజన్ వేయాలనుకుంటున్నారో చెప్పి, ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఒకటి, బండిలో ఇంకొకటి ఉంటే రేపు ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు ఇన్సూరెన్స్ మీ పక్కన నిలబడకపోవచ్చు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ అయితే బిల్లుతో పాటు అది ఏ బండిలోంచి దింపారో ఆ కాగితం కూడా అడగండి. కాగితం లేకుండా చవగ్గా వస్తుందంటే వదిలేయండి.

ఇక ఏ ఇంజన్ అన్నది. మీ జీపులో ఉన్నది హరికేన్ పెట్రోల్ ఇంజన్, 2.2 లీటర్లు, 4000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 72 హార్స్ పవర్. సీజే3బీ బానెట్ అంత ఎత్తుగా ఉండడానికి కారణమే ఈ ఎత్తైన ఇంజన్, కాబట్టి డీజిల్ ఇంజన్‌కి ఎత్తులో చోటు సరిపోతుంది, ఇబ్బందంతా పొడవులో, అంటే ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య వస్తుంది. నేను ఎంఎం540 అనే డీజిల్ జీపులో మహీంద్రా వాళ్లే వేసిన ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజన్ తీసుకున్నాను, 2112 సీసీ. ఇది 62 హార్స్ పవర్‌దే, పెట్రోల్ ఇంజన్ కన్నా తక్కువ. డీజిల్ వేస్తే బండి ఏనుగులా లాగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ లాగుడు ఏ డీజిల్ ఇంజన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు కలిసొచ్చింది మైలేజీలోనే, పెట్రోల్‌తో లీటరుకి 6 నుంచి 7 వచ్చేది, ఇప్పుడు 11 వస్తోంది.

ట్రాక్టర్ ఇంజన్ల కుటుంబంలోంచి వచ్చిన పాత డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజన్లు కూడా చాలామంది వేయిస్తారు, తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు బాగుంటుంది. కానీ ఒక లెక్క చూడండి. సీజే3బీ యాక్సిల్ రేషియో 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే యాక్సిల్‌కి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 చుట్లు తిరగాలి. గేర్‌బాక్స్ టాప్‌లో ఇంజనూ ప్రొపెల్లర్ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి. 6.00-16 టైర్లతో 3000 ఆర్‌పీఎం దగ్గర బండి 75 కిలోమీటర్ల వేగం దాటదు. ఆ ఇంజన్లకి దాదాపు అదే హద్దు, అంటే హైవే మీద ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. ఎక్స్‌డీపీ 4500 దాకా తిరుగుతుంది కాబట్టి ఈ యాక్సిల్‌కి నప్పుతుంది. తోటలోనే తిప్పుకుంటానంటే డీఐ ఇంజన్ మంచిదే, నేను కాదనను.

అసలు నేను దెబ్బతిన్నది అడాప్టర్ ప్లేటు దగ్గర. ఖర్చు తగ్గుతుందని పాత మూడు గేర్ల టీ90 గేర్‌బాక్స్‌నే ఉంచి, దానికీ కొత్త ఇంజన్‌కీ మధ్య మందపాటి ఇనుప ప్లేటు ఒకటి లేత్ షాపులో చేయించాను. బోల్టులన్నీ చక్కగా కూర్చున్నాయి, బండి స్టార్టయింది, అందరం సంతోషపడ్డాం. 400 కిలోమీటర్లు తిరిగేసరికి గేర్‌బాక్స్‌లోంచి ఊళ వేసినట్టు శబ్దం, టాప్ గేరు దానంతటదే జారిపోవడం మొదలైంది. ఒకరోజు దిగువమెట్ట ఘాట్ ఎక్కుతుంటే క్లచ్ నొక్కినా గేరు పడలేదు, బండి రోడ్డు మధ్యలో నిలిచిపోయింది, వెనక లారీల వరస. పిల్లలు బండిలో ఉన్నారు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఊరికి లాక్కొచ్చి విప్పితే పైలట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసని క్రాంక్ మధ్యలో పట్టి ఉంచే చిన్న బుష్) కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయి ఉంది. ఆటోనగర్‌లోనే ఇంకో పెద్ద మేస్త్రీ ఫ్లైవీల్ మీద సన్నని తేడాలు కొలిచే డయల్ గేజ్ పెట్టి, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప) రంధ్రం చుట్టూ తిప్పి చూస్తే 30 థౌ తేడా చూపించింది, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 10 థౌ అంటే పావు మిల్లీమీటరు, అది దాటితే గేర్‌బాక్స్ బతకదని ఆయన చెప్పారు. బోల్టు రంధ్రాలు కలవడం వేరు, క్రాంక్ కేంద్రం గేర్‌బాక్స్ షాఫ్ట్ కేంద్రంతో కలవడం వేరు. ఇంజన్ పని చేయించే ముందు మేస్త్రీని అడగాల్సిన మొదటి ప్రశ్న డయల్ గేజ్ ఉందా అని. లేదంటే ఇంకో షాపు చూసుకోండి.

ఆ తర్వాత ప్లేటు తీసేసి, ఎంఎం540లో అదే ఇంజన్‌తో వచ్చే బెల్ హౌసింగ్, 4 గేర్ల కేఎంటీ90 గేర్‌బాక్స్ సెట్టుగా కొని వేయించాను. మొదటే ఇలా చేసి ఉంటే రెండుసార్లు కూలీ పోయేది కాదు. మీకు చెప్పేది కూడా ఇదే, కంపెనీ ఒకే బండిలో కలిపి వాడిన ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్ మూడూ కలిపే కొనండి.

ఫోర్ వీల్ గురించి భయం అక్కర్లేదు. శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్ వెనక ఉంటుంది, ముందున్నది పెట్రోలా డీజిలా అన్నది దానికి సంబంధం లేదు. కానీ ఈ జీపు వీల్‌బేస్ 80 అంగుళాలే, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ బాగా పొట్టిది. కొత్త సెట్టుతో ట్రాన్స్‌ఫర్ కేసు రెండు అంగుళాలు వెనక్కి జరిగినా షాఫ్ట్ కోణం నిటారుగా మారి క్రాసులు (షాఫ్ట్ కొసల్లోని జాయింట్లు) త్వరగా పోతాయి. అందుకని ఇంజన్ ఫౌండేషన్లు పూర్తిగా వెల్డింగ్ చేసే ముందు ఇంజన్‌ని టాక్ (తాత్కాలికంగా పెట్టే చుక్క వెల్డింగ్) మీద నిలబెట్టి, బండి బరువు చక్రాల మీద ఉండగానే కొలవమనండి. ఇంకోటి, ముందు యాక్సిల్ క్రౌన్ (గేర్లుండే ఉబ్బెత్తు భాగం) కుడివైపు ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు అది పైకొచ్చి ఇంజన్ కింది ఆయిల్ ఛాంబర్‌కి తగలొచ్చు. నాకు వాగు దాటేటప్పుడు ఒకసారి తగిలింది, తర్వాత ముందు కమాన్ కట్టల్లో ఒక పట్టీ ఎక్కువ వేయించాను. డీజిల్ ఇంజన్ బరువుకి ఎలాగూ అది అవసరమే.

చిన్నవి కొన్ని ఉంటాయి, మెకానిక్కులు వీటినే మర్చిపోతారు. డీజిల్ పంపు దగ్గర్నుంచి ట్యాంకుకి రిటర్న్ పైపు వేయాలి. ట్యాంకు విప్పి లోపల తుప్పంతా కడిగించాలి, లేకపోతే ఆ మట్టి నాజిళ్లను తినేస్తుంది. నీళ్లు వేరు చేసే ఫిల్టర్ పెట్టించండి. హీటర్ ప్లగ్గులకి మందం వైరు, రిలే కావాలి, బ్యాటరీ పెద్దది కావాలి. తాళం తీస్తే డీజిల్ ఇంజన్ ఆగదు, స్టాప్ కేబుల్ కావాలి. వైపర్ వాక్యూమ్‌తో నడిచేదైతే ఇక ఆడదు, డీజిల్ ఇంజన్‌లో ఆ గాలి లాగుడు ఉండదు, కరెంటు వైపర్ పెట్టించుకోండి. బ్రేకు బూస్టర్ పెట్టించాలనుకుంటే వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ తీసుకోండి.

లాభమా అంటే, నిజం చెబుతాను. నేను వేయించినప్పుడు డీజిల్ పెట్రోల్ కన్నా బాగా చవక. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది, అంత తేడా ఇప్పుడు లేదు. నెలకి 200 కిలోమీటర్లు తిరిగే బండి అయితే నా సలహా, హరికేన్ ఇంజన్‌నే బోరింగ్ చేయించి, కార్బురేటర్ బాగు చేయించుకుని నడపండి, ఆ జీపుకి అదే అందం కూడా. రోజూ తోటకి వెళ్లి బరువులు మోసే బండి అయితే, ఆర్టీఓ ఒప్పుకుంటే, డీజిల్ వేయించండి.

ఒక పని చేయండి. మీ యాక్సిల్ కవరు బోల్టుకి చిన్న రేకు ట్యాగ్ ఉంటుంది, దాని మీద 43-8 అని ఉంటే 5.38, 39-8 అని ఉంటే 4.88. ట్యాగ్ ఊడిపోయి ఉంటే వెనక రెండు చక్రాలూ జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, రెండూ కలిపి ఒక చుట్టు తిప్పి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఆ అంకె, మీ టైరు సైజు చెబితే ఏ ఇంజన్ నప్పుతుందో, టాప్ స్పీడు ఎంత వస్తుందో లెక్కవేసి చెబుతాను.